లెక్క చేయనివారిని లోకం లెక్కచేయదు

ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షల ఫలితాలు వెలువడిన మరునాడు దినపత్రికలలో వార్తల కంటె ముందు ర్యాంకుల ప్రకటనలు ఉంటాయి. వరుసలు వరుసలుగా పిల్లల ముఖాలు, ముఖాల కింద అంకెలు. మన ఇళ్లలో ఆ పుటను చదివే తీరు వేరు. తండ్రి కళ్లజోడు సవరించుకొని ఆ ముఖాల మధ్య ఒక షేక్‌ను, ఒక సయ్యద్‌ను, ఒక పఠాన్‌ను వెతుకుతాడు. ఒక్క పేరు కనబడితే "మనవాడు" అని ఇంటిల్లిపాదికీ చూపిస్తాడు. కనబడకపోతే నిట్టూర్చి పత్రిక మడిచి పక్కన పెడతాడు. మేము కూడా ఏళ్ల తరబడి ఆ పనే చేశాము.

ఆ పేరు అక్కడ ఎందుకు లేదని అడిగితే మన సభలలో మూడు సమాధానాలు సిద్ధంగా ఉంటాయి. వివక్ష అంటారొకరు, పేదరికం అంటారు మరొకరు, రిజర్వేషను చాలలేదంటారు ఇంకొకరు. మూడింటిలోనూ నిజమున్నది. వాటిని కాదనేవారితో మేము ఏళ్లుగా వాదిస్తూనే ఉన్నాము. అయితే నాలుగో సమాధానం ఒకటున్నది. దానికి చప్పట్లు రావు గనుక వేదికపై ఎవరూ పలకరు. మన పిల్లలు చేయవలసినన్ని లెక్కలు చేయటం లేదు. వారిచేత చేయించవలసిన పెద్దలము మనం చేయించటం లేదు.

ఈ మాట అనటానికి మేము పండితులము కాము. రాయలసీమలోని ఒక పట్టణంలో ట్రెజరీ గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందినవారము. నలభై ఏళ్ల కిందటి బి.ఎస్సి. పట్టా తప్ప చెప్పుకోదగిన అర్హత లేదు. ఇప్పుడు మసీదు పక్కనున్న చిన్న గదిలో, మగ్రిబ్ నమాజు తరువాత ఇషా వరకు, ఇంటర్మీడియట్ పిల్లలతో కూర్చుంటున్నాము. భౌతిక, రసాయన, గణిత పుస్తకాలను మళ్లీ మొదటినుంచి చదువుతూ, పిల్లల కంటె ఒక్క అధ్యాయం ముందుండి నెట్టుకొస్తున్నాము. ఆ గదిలో చూసినదే ఇక్కడ రాస్తున్నాము.

ముందు పరీక్ష లెక్క చూద్దాము. మనం ఇప్పటికీ ఎంసెట్ అని పిలుచుకునే పరీక్ష రెండు రాష్ట్రాలలోనూ నేడు ఈఏపీసెట్ అయినది. ఇంజనీరింగ్ విభాగంలో 160 ప్రశ్నలు. గణితానికి 80, భౌతికశాస్త్రానికి 40, రసాయనశాస్త్రానికి 40. సమయం 180 నిమిషాలు. అంటే ఒక్కొక్క ప్రశ్నకు అరవై ఏడున్నర సెకన్లు. ప్రశ్నకు ఒక మార్కు, నాలుగు ఐచ్ఛిక సమాధానాలు, తప్పు రాస్తే కోత లేదు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు తప్ప మిగిలిన అందరికీ, బీసీ-ఈ విద్యార్థులతో సహా, అర్హత మార్కు 40.

ఈ 40 అనే అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ప్రశ్న చదవకుండా, కళ్లు మూసుకొని 160 ప్రశ్నలకూ గుర్తులు పెట్టుకుంటూ పోయినా నాలుగింట ఒకటి చొప్పున సగటున 40 మార్కులు వస్తాయి. అర్హత సాధించాడని మనం మిఠాయి పంచే ఆ గీత గుడ్డిగా రాసినవాడికి కూడా అందే గీత! సీటును నిర్ణయించేది ర్యాంకు. ర్యాంకును నిర్ణయించేది ఆ అరవై ఏడున్నర సెకన్లలో పిల్లవాడి చేయి ఏమి చేయగలదన్నది.

ఇక రిజర్వేషను సంగతి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషను చట్టం చేసినది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దానిని కొట్టివేసినది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో ఆ 4 శాతం నిలిచినది. ఆ తలుపు మూసుకుపోకుండా పోరాడినవారందరికీ సమాజం ఋణపడి ఉన్నది. కాని తలుపు వెనుక ఏమి జరుగుతున్నదో చూశామా? బీసీ-ఈ సీట్లు కూడా ర్యాంకు వరుసలోనే నిండుతాయి. అక్కడ మన పిల్లవాడు పోటీ పడేది మన పిల్లవాడితోనే. లక్షలు పోసి నగరంలో కోచింగు ఇప్పించగల వ్యాపారి కొడుకూ, పంక్చర్లు వేసే తండ్రికి సాయం చేసి వచ్చి పుస్తకం తెరిచే పిల్లవాడూ ఒకే వరుసలో నిలబడతారు. ఎవరు ముందుంటారో చెప్పటానికి జ్యోతిష్యం అక్కరలేదు. పేదవాని పేరుతో సాధించిన హక్కు పేదవాని చేతికి అందాలంటే, అతని పక్కన కూర్చొని లెక్క చేయించే మనిషి ఒకరుండాలి. ఆ పని ఏ న్యాయస్థానమూ చేయదు.

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఉత్తర్వు వచ్చిన సాయంత్రం మా వీధిలో పండుగ. అప్పుడు మేము ఉద్యోగంలోనే ఉన్నాము. మిఠాయి పెట్టె చేత పట్టుకొని ఇంటింటికీ తిరుగుతున్నాము. ఇంటర్ పరీక్షలు ముగించి ఎంసెట్‌కు చదువుకుంటున్న కుర్రవాడొకడు నోటుపుస్తకంతో ఎదురువచ్చాడు. "చాచా, కెమిస్ట్రీలో ఒక లెక్క రావటం లేదు, చూస్తారా?" అన్నాడు. "ఈ రోజు కాదు బేటా, రేపు రా" అని అతని చేతిలో ఒక లడ్డు పెట్టాము. అతడు మళ్లీ రాలేదు. ఆ ఏడు అతనికి మంచి ర్యాంకు రాలేదు. మరుసటి ఏడు కువైట్‌కు డ్రైవరు పనికి వెళ్లాడు. చెమటోడ్చి సంపాదించే ఏ పనినీ మేము తక్కువ చేయము. కాని ఆ పని అతడు కోరుకున్నది కాదని మాకు తెలుసు. ఆ లెక్క ఏమిటో మాకు నేటికీ తెలియదు. రిజర్వేషను నిలిచిన సంతోషంలో, రిజర్వేషను ఎవరి కొరకో అతనినే వెనుకకు పంపినాము.

ఇప్పుడు మరొక పక్క చూద్దాము. పెద్దలు వదిలేసిన చోటును బజారు ఆక్రమించుకుంటుంది. అరవై ఏడున్నర సెకన్ల భయాన్ని పెట్టుబడిగా చేసుకొని కోచింగు వ్యాపారం షార్ట్‌కట్లను అమ్ముతున్నది. ఈ రకం ప్రశ్నకు ఈ సూత్రం, ఆ రకం ప్రశ్నకు ఆ సూత్రం, ఎందుకని అడగవద్దు. మా గదికి వచ్చే పిల్లలలో కొందరు అప్పులు చేసి అలాంటి చోట కొన్నాళ్లు చదివి వచ్చినవారే. ఒకనికి సూత్రాలు సూరాల వలె కంఠస్థం. అతనికి ఒక లెక్క ఇచ్చాము.

అరవై మీటర్ల ఎత్తున్న మీనారు పైనుంచి ఒక రాయిని సెకనుకు 20 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరితే ఎన్ని సెకన్లకు నేలను తాకుతుంది? గురుత్వ త్వరణాన్ని 10గా తీసుకోవచ్చు.

కుర్రవాడు తల పట్టుకున్నాడు. "దీనికి వేరే ఫార్ములా ఉంది చాచా, మరిచిపోయాను" అన్నాడు. ఫార్ములా పక్కన పెట్టి రాయితో పాటు ప్రయాణం చేయమన్నాము. సెకనుకు 10 చొప్పున వేగం తగ్గుతుంది గనుక 20 మీటర్ల వేగం రెండు సెకన్లలో సున్నా అవుతుంది. ఆ రెండు సెకన్లలో సగటు వేగం 10. అంటే రాయి 20 మీటర్లు పైకి పోతుంది. ఇప్పుడు అది నేలకు 80 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడినుంచి పడే దూరం కాలపు వర్గానికి ఐదు రెట్లు. ఎనభైని ఐదుతో భాగిస్తే 16, దాని వర్గమూలం 4. ఎక్కటానికి 2, దిగటానికి 4, మొత్తం 6 సెకన్లు. కుర్రవాడు కాగితం వంక చూసి "ఇంతేనా?" అన్నాడు. ఇంతే. నిమిషం కూడా పట్టలేదు.

తరువాత అదే లెక్కను సమీకరణంగా రాయించాము. కాలాన్ని t అనుకుంటే, t వర్గం నుంచి 4t తీసివేస్తే 12 కావాలి. రెండు వైపులా 4 కలిపితే ఎడమవైపు (t – 2) వర్గమవుతుంది, కుడివైపు 16 అవుతుంది. కనుక t – 2 అంటే 4, t అంటే 6. ఆ 2 ఎక్కడిదని అడిగాము. రాయి పైకెక్కిన రెండు సెకన్లేనని కుర్రవాడే చెప్పాడు. వర్గాన్ని పూరించటమంటే గడియారాన్ని రాయి శిఖరాన ఉన్న క్షణం నుంచి లెక్కించటమేనని అతనికి ఆ పూట అర్థమైనది. మరి రెండో సమాధానం, మైనస్ 2? "అది కొట్టేయాలి" అన్నాడు. కొట్టేసే ముందు అది ఏమి చెబుతున్నదో అడగమన్నాము. అదే రాయిని రెండు సెకన్ల ముందు నేలమీది నుంచి సెకనుకు 40 మీటర్ల వేగంతో విసిరి ఉంటే, మీనారు కొస దగ్గరకు వచ్చేసరికి దాని వేగం సరిగ్గా 20 అయ్యేది. సమీకరణానికి మీనారు తెలియదు, రాయి బాట మాత్రమే తెలుసు. ఇది గ్రహించిన పిల్లవానికి ప్రశ్నలో మీనారు బదులు లోయ వచ్చినా, రాయి బదులు బంతి వచ్చినా భయముండదు. షార్ట్‌కట్ కొన్నవానికి ప్రశ్న మారిన ప్రతిసారీ కొత్త షార్ట్‌కట్ కొనవలసి వస్తుంది. కొన్ని రకాల ప్రశ్నలకు అసలు కొనుక్కోవటానికి కూడా ఏమీ దొరకదు. జేఈఈ మెయిన్‌లో ప్రతి సబ్జెక్టులోని 25 ప్రశ్నలలో 5 ప్రశ్నలకు ఐచ్ఛిక సమాధానాలే ఉండవు. జవాబుగా అంకెనే ఇవ్వాలి.

ఈ వర్గాన్ని పూరించే పద్ధతి ఎవరిదో మన వక్తలకు బాగా తెలుసు. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ రాసిన గ్రంథం పేరులోని 'అల్ జబ్ర్' నుంచే అల్జీబ్రా అనే మాట పుట్టినది. ఏ మీలాద్ సభకు వెళ్లినా, ఏ విద్యా సదస్సుకు వెళ్లినా ఈ మాట వినబడుతుంది. ఆ వెంటనే వెలుతురుపై పరిశోధించిన ఇబ్న్ అల్ హైసమ్ పేరు వస్తుంది. సభ ఉప్పొంగుతుంది. అయితే ఆ వేదికమీది పెద్దలలో ఎందరు అల్ ఖ్వారిజ్మీ చేసిన లెక్కను చేసి చూశారు? ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్యకు పది రెట్లు కలిపితే 39 వస్తుంది, ఆ సంఖ్య ఏది? ఇది ఆయన పుస్తకంలోని ప్రసిద్ధమైన లెక్క. రెండు వైపులా 25 కలపండి. సంఖ్యకు 5 కలిపిన మొత్తపు వర్గం 64 అవుతుంది. సంఖ్య 3. ఆయన ఈ విద్యను గొప్పలు చెప్పుకోవటానికి రాయలేదు. వారసత్వపు వాటాలు పంచుకునేవారికి, వ్యాపారులకు, భూమి కొలిచేవారికి అక్కరకు రావాలని రాశాడు. మీరాసు పంపకంలో ఆరో వంతు, ఎనిమిదో వంతు అంటూ తకరారు పడే మన ఇళ్లకు భిన్నాల లెక్క కొత్తదేమీ కాదు. గణితం మన పిల్లలకు రాదనే మాటను మేము అంగీకరించము. ముత్తాత పేరు చెప్పుకొని మీసం మెలేస్తూ, మునిమనుమని నోటుపుస్తకం వైపు చూడకపోవటాన్ని మాత్రం అభిమానమని అనలేము.

రసాయనశాస్త్రం నుంచి ఒక లెక్క చెప్పి అసలు విషయానికి వస్తాము. 2.8 గ్రాముల నైట్రోజన్‌కు 1 గ్రాము హైడ్రోజన్ కలిపితే అత్యధికంగా ఎంత అమ్మోనియా వస్తుంది? రెండు బరువులు కూడి 3.8 అని గుర్తు పెట్టేవారు ఎక్కువ. పిల్లలకు దావతు వంటశాలను గుర్తు చేశాము. వందమందికి సరిపడే బియ్యం ఉండి, అరవైమందికి సరిపడే మాంసమే ఉంటే బిర్యానీ ఎందరికి? అరవైమందికే. నలభైమంది బియ్యం మిగిలిపోతుంది. ఇక్కడ నైట్రోజన్ 0.1 మోల్, దానికి కావలసిన హైడ్రోజన్ 0.3 మోల్, ఉన్నది 0.5 మోల్. వచ్చే అమ్మోనియా 0.2 మోల్, అంటే 3.4 గ్రాములు. మిగిలే హైడ్రోజన్ 0.4 గ్రాములు. రెండూ కూడితే మళ్లీ 3.8 వస్తుంది, లెక్క సరిపోయినది. ట్రెజరీలో మేము ఓచరు లేని బిల్లును మొత్తం సరిగా ఉన్నా తిప్పి పంపేవారము. మెట్లు లేని సమాధానాన్ని కూడా మా గదిలో అలాగే తిప్పి పంపుతాము.

ముందుగా అయిపోయి చర్యను ఆపివేసే పదార్థాన్ని లిమిటింగ్ రీయేజెంట్ అంటారు. మన సమాజానికి ఆ లిమిటింగ్ రీయేజెంట్ ఏది? తెలివికి కొరత లేదు. చదివించాలన్న కోరికకు కొరత లేదు. కూలి చేసుకునే తల్లి కూడా కొడుకు ఇంజనీరు కావాలనే దుఆ చేస్తుంది. కొరత ఒక్కటే. తప్పిన మెట్టు దగ్గర వేలుపెట్టి "ఇక్కడ చూడు బేటా" అనే మనిషి లేడు. పైవాటిని ఎంత పెంచినా ఈ ఒక్కటీ పెరగనంత కాలం మిగతాదంతా వంటశాలలో మిగిలిన బియ్యమే.

2006 నవంబరులో సమర్పించిన సచార్ కమిటీ నివేదిక ఒక సంగతి చెప్పినది. దేశంలోని పేరున్న కళాశాలలలో డిగ్రీ స్థాయిలో 25 మందిలో ఒకరు, పీజీ స్థాయిలో 50 మందిలో ఒకరు మాత్రమే ముస్లిములు. ఈ అంకెలను మనం ఎన్నో వినతిపత్రాలలో రాశాము. ఆ 25 మందిలో రెండోవాడిని తయారు చేసే పని మాత్రం ఎవరికీ అప్పగించలేదు. అప్పగించినచోట ఏమి జరుగుతుందో చూడండి. 2008లో పాట్నాలో మౌలానా వలీ రహ్మానీ, పోలీసు అధికారి అభయానంద్ సహకారంతో రహ్మానీ 30 ప్రారంభించారు. పేద ముస్లిం విద్యార్థులను ఎంపిక చేసి ఐఐటీ పరీక్షకు సిద్ధం చేయటమే ఆ సంస్థ పని. దానిని తలపెట్టినవాడు ఒక ఆలిమ్. అంతకు ముందు, 1951 ఆగస్టు 18న, దేశపు తొలి ఐఐటీని ఖరగ్‌పూర్‌లో ప్రారంభించిన విద్యాశాఖ మంత్రి మౌలానా అబుల్ కలామ్ ఆజాద్. ఇది లౌకిక విద్య, మసీదుకు దీనితో ఏమి పని అని అడిగే కమిటీ పెద్దలు ఈ ఇద్దరు మౌలానాలను ఒకసారి తలచుకోవాలి. కర్నూలులో 1947లోనే ఉస్మానియా కళాశాలను నిలబెట్టిన డాక్టర్ అబ్దుల్ హఖ్ మన సీమవాడే.

భాష గురించి కూడా చెప్పాలి. ఉర్దూ మాధ్యమంలో చదివిన పిల్లవాడు 'ఖువ్వత్', 'తవానాయి' అని నేర్చుకుంటాడు. పక్కనున్న మిత్రుడు 'బలం', 'శక్తి' అంటాడు. ఇంటర్‌లో చేరగానే అవే 'ఫోర్స్', 'ఎనర్జీ' అవుతాయి. విషయం తెలిసి కూడా మాట తెలియక ఆ పిల్లవాడు మొదటి ఏడాది మూగవాడై కూర్చుంటాడు. జేఈఈ మెయిన్ 2021 నుంచి ఉర్దూ, తెలుగుతో సహా 13 భాషలలో జరుగుతున్నది. సంతోషమే. అయితే రెండేళ్ల పాటు ఆ భాషలో లెక్కలు చేయించే చోటు చూపకుండా మూడు గంటల ప్రశ్నపత్రం మాత్రమే ఆ భాషలో ఇస్తే, ఈత నేర్పకుండా చెరువు చూపినట్లే.

ఆడపిల్లల సంగతి మరింత బాధాకరం. మా వీధిలో ఇంటర్ ఫలితాలు వస్తే మార్కుల పట్టీలు పట్టుకొని వచ్చేది ఎక్కువగా వారే. ప్రవేశ పరీక్ష అనగానే "సాయంత్రం పూట ఎవరు పంపిస్తారు సాబ్?" అంటారు తండ్రులు. అందుకు మేము ఆదివారం ఉదయం వారికి వేరుగా పెట్టాము. ఇద్దరు తల్లులు తస్బీహ్ తిప్పుకుంటూ గది మూలన కూర్చుంటారు. ఇది ఏమంత కష్టమైన ఏర్పాటు?

కనుక మా డిమాండ్లు ఇవి. ప్రభుత్వం మైనారిటీ గురుకుల జూనియర్ కళాశాలలలో గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలకు శాశ్వత అధ్యాపకులను నియమించాలి. ఇది దయ కాదు, హక్కు. మూడు భాషల సాంకేతిక పదాల పట్టికను ముద్రించి ప్రతి ఉర్దూ పాఠశాలకు ఇవ్వాలి. వక్ఫ్ ఆస్తుల ఆదాయంలో విద్యార్థుల వాటా ఎంతో ప్రతి జిల్లాలో బహిరంగంగా చెప్పాలి. ఇవి అడగటం మనం మానకూడదు.

అడుగుతూ మనం చేయవలసినవీ ఉన్నాయి. మసీదు కమిటీ ఒక గది, ఒక నల్లబల్ల, ఒక దీపం ఇవ్వాలి. కరెంటు బిల్లు పెరుగుతుందనే మాట రంజాన్ దీపాలంకరణ నాడు మనకు గుర్తురాదు. పదవీ విరమణ పొందిన ఉపాధ్యాయులు, ఇంజనీర్లు, బ్యాంకు ఉద్యోగులు వారానికి రెండు సాయంత్రాలు ఇవ్వాలి. అన్నీ తెలిసి ఉండనక్కరలేదు. తెలియని లెక్కను పిల్లలతో కలిసి కుస్తీపట్టి సాధించే పెద్దమనిషిని చూడటం కూడా వారికొక పాఠమే. ఉన్నవారు వలీమా దావతులో ఒక్క వంటకం తగ్గించి, ఆ డబ్బుతో ఒక గదికి ఏడాది పుస్తకాలు కొనాలి. సీటు తెచ్చుకొని వెళ్లిన పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు ఆ గదిలో నాలుగు రోజులు కూర్చోవాలి.

తల్లిదండ్రులకు ఒక్క మాట. ఈ రాత్రి పిల్లవానిని ర్యాంకు ఎంత వస్తుందని అడగవద్దు. ఈ రోజు చేసిన లెక్కల నోటుపుస్తకం తెమ్మనండి. మీకు అర్థం కాకపోయినా ఫరవాలేదు, కొట్టివేతలు ఎన్ని ఉన్నాయో చూడండి. కొట్టివేతలు లేని నోటుపుస్తకం చూసి రాసినదై ఉంటుంది. మీనారు మీది రాయి లెక్క ఇచ్చి, ఆ మైనస్ 2 ఏమిటో చెప్పమనండి. చెప్పలేకపోతే కోప్పడవద్దు. చేయి పట్టుకొని మీ వీధిలోని గదికి తీసుకురండి. గది లేకపోతే జుమా నమాజు తరువాత కమిటీ పెద్దలను నిలబెట్టి ఎందుకు లేదని అడగండి. "రేపు రా" అంటే వెనుదిరగవద్దు. మేము ఒకసారి ఆ మాట అన్నాము. ఆ రేపు రాలేదు.